సూది గుచ్చుకుని ఐదు గంటలైంది, పేషెంటు రిపోర్టు వచ్చేదాకా ఆగాలా?

నయీంనగర్ తమ్ముడు — మొదటి రోజు, రాత్రి 10:40

పెద్దలందరికీ నమస్కారం. మా అక్క హనుమకొండలోని ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తుంది. ఈ సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో ఒక పేషెంటుకు రక్తం తీసి, సూదికి మూత పెట్టబోతుండగా అది జారి ఆమె ఎడమ చేతి చూపుడు వేలిలో దిగింది. గ్లవ్ చిరిగి రక్తం వచ్చింది. కంగారులో వేలిని గట్టిగా పిండి, దాని మీద స్పిరిట్ పోసుకున్నదట. ఆ పేషెంటుకు హెచ్‌ఐవీ ఉన్నదో లేదో ఎవరికీ తెలియదు. ఇన్‌ఛార్జికి చెబితే, రేపు పొద్దున రిపోర్టు వస్తుంది, ఏమైనా ఉంటే అప్పుడు చూద్దాం, ఎలాగూ మూడు రోజుల గడువు ఉంటుంది కదా అన్నారట. అక్క డ్యూటీ ముగించుకుని ఇంటికి వచ్చి, కంచం ముందు కూర్చుని ముద్ద ముట్టకుండా లేచిపోయింది. పదే పదే అడిగితే విషయం చెప్పింది. బావగారికి ఇంకా చెప్పలేదు. పొద్దున రిపోర్టు వచ్చేదాకా ఆగవచ్చా, లేక ఇప్పుడే ఎక్కడికైనా తీసుకువెళ్లాలా అన్నది తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

పాత కౌన్సెలర్ — మొదటి రోజు, రాత్రి 10:52

తమ్ముడూ, ఇది చదివిన వెంటనే అక్కను తీసుకుని బయలుదేరండి, మిగిలిన సంగతులు తిరిగి వచ్చాక మాట్లాడుకుందాం. వరంగల్ ప్రభుత్వ ఎంజీఎం దవాఖాన క్యాజువాలిటీకి వెళ్లి, "నేను నర్సును, రక్తం తీసిన సూది గుచ్చుకుంది, ఐదు గంటలైంది, పీఈపీ మొదటి డోసు కావాలి" అని ఈ మాటలతోనే చెప్పమనండి. పీఈపీ అంటే ప్రమాదం జరిగిన తర్వాత హెచ్‌ఐవీ సోకకుండా 28 రోజులు వేసుకునే మందు. వేలికి గాయమైందని మాత్రం చెబితే టీటీ ఇంజక్షన్ ఇచ్చి పంపించే ప్రమాదం ఉంటుంది. సూది ఎప్పుడు గుచ్చుకుందో, రక్తం తీసిన సూదేనా అన్నదీ మొదటి వాక్యంలోనే రావాలి. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, అంటే నాకో, మార్గదర్శకాల ప్రకారం మొదటి మోతాదు వీలైతే 2 గంటల లోపల, ఎట్టి పరిస్థితిలోనూ 72 గంటలు దాటకుండా పడాలి. ఆ 72 గంటలను అందరూ ఇచ్చిన వాయిదాలాగా అర్థం చేసుకుంటున్నారు. అది మందు ఇక పనిచేయదని వదిలేసే చివరి గట్టు మాత్రమే, ఈ గట్టుకు ఈవల గడిచే ప్రతి గంటా రక్షణను కొంత తగ్గిస్తూనే ఉంటుంది. దారిలో ఎక్కడైనా సందేహం వస్తే 1097కు ఫోన్ చేయండి, అది నాకో వారి ఉచిత నంబరు, తెలుగులో మాట్లాడతారు.

రాత్రి డ్యూటీ — మొదటి రోజు, రాత్రి 11:05

నేను ఎంబీబీఎస్ డాక్టర్‌ను, వేరే జిల్లాలో పనిచేస్తున్నాను. కౌన్సెలర్ గారి మాటే నాదీ. పేషెంటు రిపోర్టు కోసం మొదటి మోతాదును ఆపడం తప్పు. ముందు మాత్ర వేసుకుని తర్వాత పరీక్షలన్నీ చేయించుకోవచ్చు. రేపు పేషెంటుకు హెచ్‌ఐవీ లేదని నిర్ధారణగా తేలితే డాక్టర్ సలహాతో మందు మానేయవచ్చు, ఒకటి రెండు మాత్రలు వేసుకున్నందువల్ల వచ్చే నష్టం దాదాపు ఏమీ ఉండదు. ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. హెచ్‌ఐవీ సోకిన మొదటి వారాల్లో పరీక్షకు దొరకని సమయం ఉంటుంది, ఆ విండో పీరియడ్‌లో నెగటివ్ అని వచ్చిన కాగితం మీద పూర్తి భరోసా పెట్టుకోలేము.

అక్కకు ధైర్యం చెప్పడానికి ఒక లెక్క ఇస్తాను. హెచ్‌ఐవీ ఉన్నవారి రక్తంతో ఉన్న సూది గుచ్చుకున్నప్పుడు, మందు ఏదీ వాడకపోయినా, సోకే అవకాశం సగటున 1000 మందిలో 3 మందికి ఉంటుంది. రక్తం కంట్లోనో నోట్లోనో చిందితే అది 1000లో 1 కంటే కొంచెం తక్కువే. అయితే సగటు అన్నది అందరికీ ఒకేలా వర్తించదు. లోపల బోలుగా ఉన్న సూది, దాని మీద కంటికి కనిపించే రక్తం, లోతైన గాటు, సూది నేరుగా రక్తనాళంలో నుంచి వచ్చి ఉండడం, పేషెంటు రక్తంలో వైరస్ ఎక్కువగా ఉండడం, ఇవన్నీ ప్రమాదాన్ని పెంచుతాయి. మీరు చెప్పినదానిలో వీటిలో మూడు నాలుగు ఉన్నాయి, అందుకే తాత్సారం వద్దు అంటున్నాను. వేలిని పిండడం, స్పిరిట్, డెటాల్, బ్లీచింగ్ వంటివి పోయడం వల్ల ఉపయోగం లేకపోగా అక్కడి కణజాలం దెబ్బతింటుంది. సబ్బు, ధారగా పారే నీళ్లు చాలు. అయిపోయినదానికి అక్క బాధపడనవసరం లేదు, నర్సింగ్ చదివినవారు కూడా ఆ క్షణంలో చేసే పని అదే.

హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ పూర్తయ్యాయా అని అడగండి. టీకా లేనివారికి సూది ద్వారా హెపటైటిస్ బి సోకే ప్రమాదం 100లో 30 వరకూ ఉండవచ్చు, అంటే హెచ్‌ఐవీ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. దాని గురించి మన దగ్గర ఎవరూ భయపడకపోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

నయీంనగర్ తమ్ముడు — రెండో రోజు, తెల్లవారుజాము 1:35

ఇప్పుడే ఇంటికి చేరుకున్నాము. కౌన్సెలర్ గారు రాసిన వాక్యాన్ని అక్క అలాగే చెప్పింది. డ్యూటీ డాక్టర్ గారు నాలుగు ప్రశ్నలు అడిగి, సంతకం తీసుకుని, 11:50కి మొదటి మాత్ర వేయించారు. రక్తం నమూనా తీసుకున్నారు, పొద్దున హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కు వచ్చి మిగిలిన 27 రోజుల మాత్రలు తీసుకోమన్నారు. ఒకే మాత్రలో మూడు మందులు ఉన్నాయట, టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు. రూపాయి ఖర్చు కాలేదు. హెపటైటిస్ బి టీకా రెండు డోసులే పడ్డాయని అక్క చెప్పింది, దానికీ ఏర్పాటు చేస్తామన్నారు. అక్క ఇప్పుడు పడుకుంది. మీ అందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను.

ల్యాబు మనిషి — రెండో రోజు, ఉదయం 7:20

నేను చాలా ఏళ్లుగా రక్తపరీక్షల గదిలో పనిచేస్తున్నాను, నాకూ రెండుసార్లు సూది గుచ్చుకుంది. ఈ 72 గంటలు, 28 రోజులు అన్న అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసుకుంటే మధ్యలో మందు మానేయాలన్న ఆలోచన రాదు, అందుకని రాస్తున్నాను.

వైరస్ శరీరంలోకి దిగగానే రక్తమంతా వ్యాపించదు. ముందు అది దిగిన చోటనే కొన్ని కణాలకు పట్టుకుని, వాటి వెంట దగ్గరలోని లింఫు గ్రంథులకు చేరుతుంది. దీనికి రెండు మూడు రోజులు పడుతుంది. కణంలోకి ప్రవేశించిన వైరస్ తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చుకుని, ఆ డీఎన్‌ఏను మన కణపు డీఎన్‌ఏలో అతికిస్తుంది. ఒకసారి అతికిన తర్వాత దానిని విడదీసే మందు ఇప్పటికీ లేదు. మాత్రలోని టెనోఫోవిర్, లామివుడిన్ ఆ మార్పిడిని ఆపుతాయి, డోలుటెగ్రావిర్ అతుకును ఆపుతుంది. దొంగ వాకిట్లో ఉండగానే గడియ పెట్టడం లాంటి పని ఇది. నడింట్లోకి వచ్చి కూర్చున్నాక గడియ వేసి లాభం ఉండదు.

1998లో ప్రచురితమైన కోతుల ప్రయోగంలో ఇదే విషయం స్పష్టంగా కనిపించింది. వైరస్ ఎక్కించిన 24 గంటల్లో టెనోఫోవిర్ మొదలుపెట్టి 28 రోజులు ఇచ్చిన కోతులన్నింటికీ రక్షణ దొరికింది. 48 గంటలకో 72 గంటలకో మొదలుపెట్టినవాటిలోనూ, 3 రోజులకో 10 రోజులకో ఆపేసినవాటిలోనూ రక్షణ అన్నింటికీ దొరకలేదు, కొన్నింటికి వైరస్ సోకింది. మనుషుల మీద ఇటువంటి ప్రయోగం ఎవరూ చేయకూడదు, చేయలేరు. అయితే సూదులు గుచ్చుకున్న దవాఖాన సిబ్బంది వివరాలను పోల్చి 1997లో వెలువరించిన అధ్యయనంలో, అప్పట్లో ఉన్న జిడోవుడిన్ ఒక్కటే వాడినవారిలో కూడా సోకే అవకాశం 81 శాతం తగ్గినట్టు తేలింది. నాకు రెండోసారి సూది గుచ్చుకున్నది 2006లో. అప్పుడు రోజుకు రెండుసార్లు మాత్రలు, వాంతులతో 28 రోజులు లెక్కపెట్టుకుంటూ గడిపాను. ఇప్పటి మాత్ర దానితో పోలిస్తే ఎంతో తేలిక.

కాశిబుగ్గ జవాన్ — రెండో రోజు, మధ్యాహ్నం 2:10

నేను మున్సిపాలిటీలో పారిశుద్ధ్య జవాన్‌ను. నా కింద ఇరవై మందికి పైగా పనిచేస్తారు, వారిలో ఎక్కువమంది ఆడవారు. ఇళ్ల ముందు చెత్త ఏరుతున్నప్పుడు, డ్రైనేజీ తోడుతున్నప్పుడు సూదులు గుచ్చుకోవడం మాకు కొత్త కాదు. షుగరు ఉన్నవారు ఇంట్లో వాడి పారేసే ఇన్సులిన్ సూదులు, గల్లీల్లోని ఆర్‌ఎంపీల దగ్గరి సూదులు, సిరంజిలు కవర్లలో కలిసి వస్తాయి. దవాఖానల నుంచి వచ్చే పదునైన వస్తువులను 2016 నిబంధనల ప్రకారం గుచ్చినా చిల్లు పడని తెల్ల డబ్బాలో వేసి వేరుగా పంపాలి. ఇళ్ల నుంచి వచ్చేవాటికి ఆ డబ్బా ఎవరు పెడతారు? పోయిన ఎండాకాలంలో మా దగ్గరి ఒక పెద్దమ్మకు అరిచేతిలో సూది దిగితే, పసుపు అద్దుకుని పనిలోకి వచ్చింది. నాకు నాలుగో రోజు తెలిసింది, అప్పటికి మందు గడువు దాటిపోయింది. ఆమె తర్వాత పరీక్షలో బాగానే ఉన్నది, కానీ ఆ మూడు నెలలు నేను నిద్రపోయిన రాత్రులు తక్కువ. చెత్తలో దొరికిన సూది ఎవరిదో తెలియనప్పుడు కూడా ఈ మందు ఇస్తారా, మాలాంటివారికి హక్కు ఉన్నదా అన్నది తెలుసుకోవాలని ఉన్నది.

రాత్రి డ్యూటీ — రెండో రోజు, సాయంత్రం 6:45

జవాన్ గారూ, ఎండిపోయిన సూదిలో హెచ్‌ఐవీ ఎక్కువసేపు బతకదు, అందువల్ల రోడ్డు మీది సూది ప్రమాదం దవాఖానలో అప్పుడే రక్తం తీసిన సూది కంటే చాలా తక్కువ. అయినా ఇవ్వాలా వద్దా అన్నది సూదిని, గాయాన్ని, గడిచిన గంటలను చూసి డాక్టర్ నిర్ణయించాలి, మీ మేస్త్రీనో మీరో నిర్ణయించకూడదు. అందువల్ల ప్రతి సూది గాయమూ అదే రోజు దవాఖానకు చేరాలి. హెపటైటిస్ బి వైరస్ మాత్రం బయట 7 రోజుల వరకూ బతికి ఉండగలదు, కాబట్టి మీ సిబ్బంది అందరికీ ఆ టీకా మూడు డోసులూ వేయించడం అన్నింటికంటే ముందు చేయవలసిన పని. పసుపు అద్దుకుని వచ్చిన ఆ పెద్దమ్మను తలుచుకుంటే నాకు కూడా మనసు కలుక్కుమన్నది.

హనుమకొండ వకీలు — రెండో రోజు, రాత్రి 9:00

హక్కు సంగతి అడిగారు కాబట్టి చెబుతున్నాను. 2017లో పార్లమెంటు చేసిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. దానిలోని 19వ సెక్షన్ ప్రకారం, వైద్యసేవలు అందించే ప్రతి సంస్థా, ఉద్యోగరీత్యా హెచ్‌ఐవీ సోకే ప్రమాదం గణనీయంగా ఉన్న ఇతర సంస్థలూ తమ దగ్గర పనిచేసేవారికి గ్లవ్స్ వంటి రక్షణ సాధనాలను, వాటిని వాడే శిక్షణను, ప్రమాదం జరిగితే పీఈపీ మందును కల్పించాలి. నర్సింగ్ హోంకు ఇది నేరుగా వర్తిస్తుంది. పారిశుద్ధ్య కార్మికుల విషయంలో ఆ రెండో మాటను ఆధారం చేసుకుని కార్పొరేషన్‌ను రాతపూర్వకంగా అడగవచ్చునని నా అభిప్రాయం, జవాన్ గారు ముందుకు వస్తే ఆ అర్జీ నేను రాసి ఇస్తాను.

తమ్ముడికి ఒక మాట. 5వ సెక్షన్ ప్రకారం ఎవరి అనుమతీ లేకుండా వారికి హెచ్‌ఐవీ పరీక్ష చేయకూడదు, ఆ పేషెంటుకు కూడా ఇది వర్తిస్తుంది. అతన్ని అడిగి, విషయం వివరించి, సమ్మతి తీసుకోవాలి. 8వ సెక్షన్ ఒకరి హెచ్‌ఐవీ స్థితిని వారి సమ్మతి లేకుండా ఇంకొకరికి వెల్లడించడాన్ని నిషేధిస్తుంది. కాబట్టి రిపోర్టు ఏదైనా సరే, ఏ వార్డు, ఏ జబ్బు, ఏ ఊరు అన్నది ఇక్కడ రాయవద్దు.

ఇదే సందర్భంలో ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. అత్యాచారానికి గురైనవారికి ప్రభుత్వ, ప్రైవేటు దవాఖాన ఏదైనా సరే వెంటనే ఉచితంగా చికిత్స అందించాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షన్ చెబుతుంది. ఆ చికిత్సలో పీఈపీ కూడా ఉండాలి. కేసు పెట్టాలా వద్దా అని ఇంట్లో పెద్దలు మాట్లాడుకునేసరికి మూడు రోజులు గడిచిపోవడం నేను నా వృత్తిలో చూశాను. ఎఫ్‌ఐఆర్ లేకపోయినా మందు అడగవచ్చు, ముందు దవాఖానకు వెళ్లండి.

జగిత్యాల ప్రయాణికుడు — మూడో రోజు, రాత్రి 1:15

అందరూ ఉద్యోగంలో గుచ్చుకున్న సూది గురించి రాస్తున్నారు, నాది అటువంటిది కాదు. నేను గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చాను, తిరిగి వెళ్లేముందు మెడికల్ ఉంటుంది. నిన్న కాక మొన్న రాత్రి, అంటే లెక్క వేస్తే యాభై గంటల కింద, ఒక చోట నిరోధ్ లేకుండా పొరపాటు జరిగింది. ఇంతకంటే రాయలేను. నాకు భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు. తప్పు చేసినవారికి కూడా ఈ మందు ఇస్తారా? మా ఊరి వాళ్లు ఎవరైనా అక్కడ చూస్తే నేను బతకలేను.

పాత కౌన్సెలర్ — మూడో రోజు, రాత్రి 1:31

తమ్ముడూ, మేలుకుని ఉన్నాను, నిశ్చింతగా చదవండి. ఈ మందు ఎవరు తప్పు చేశారో చూసి ఇచ్చేది కాదు. నాకో 2021 మార్గదర్శకాల్లో దవాఖాన సిబ్బందికే కాక, లైంగిక సంపర్కం వల్ల ప్రమాదం కలిగినవారికీ పీఈపీ గురించి చెప్పారు. నేను కౌన్సెలింగ్ గదిలో కూర్చున్న ఏళ్లలో నా ఎదుట కూర్చుని ఏడ్చినవారిలో సగం మంది మీలాగే, అడగడానికి సిగ్గుపడి రెండు రోజులు పోగొట్టుకున్నవారే. మీకు ఇంకా 22 గంటలు ఉన్నాయి, వాటిలో ఒక్కటి కూడా ఇంక పోనివ్వకండి.

జగిత్యాలలో ఎవరైనా చూస్తారని భయంగా ఉంటే తెల్లవారగానే మొదటి బస్సుకు కరీంనగర్ వెళ్లండి, ఊరు మారినా నియమాలు మారవు. ప్రభుత్వ దవాఖానలో చీటీ మీద ఏమని రాయించుకోవాలో తెలియకపోతే జ్వరమని రాయించుకుని లోపల డాక్టర్‌తో మాత్రం నిజం చెప్పండి. "ఫలానా రోజు ఇన్ని గంటలకు రక్షణ లేని సంపర్కం జరిగింది, పీఈపీ కావాలి" అంటే చాలు, ఎవరితో, ఎందుకు అని వివరం చెప్పవలసిన అవసరం లేదు. అక్కడి మాట బయటికి రాకూడదని వకీలు గారు చెప్పిన చట్టమే ఉంది. వెళ్లి వచ్చాక ఒక్క ముక్క రాయండి, లేకపోతే నాకు మనసు నిలవదు.

భూపాలపల్లి పెద్దాయన — మూడో రోజు, ఉదయం 10:20

పెద్దవాడిగా ఒక సందేహం చెబుతాను, ఎవరూ నొచ్చుకోవద్దు. నర్సమ్మకు ఇవ్వడం న్యాయమే. కానీ జరిగిన తర్వాత వేసుకునే మాత్ర ఒకటి, జరగకముందే వేసుకునే ప్రెప్ అనే మాత్ర ఇంకొకటి ఉన్నదని ఇలా చాటి చెబితే, పిల్లలు భయం వదిలేసి దారి తప్పరా? భయమే కదా ఇన్నేళ్లూ చాలామందిని కాపాడింది.

నర్సంపేట ఇల్లాలు — మూడో రోజు, ఉదయం 11:40

పెద్దాయన గారూ, నేను ఇక్కడ ఇంతకుముందు ఎప్పుడూ రాయలేదు, మీ మాట చదివాక రాయాలనిపించింది. పెళ్లయిన మూడో ఏట నా భర్తకు పాజిటివ్ అని తెలిసింది, నాకు నెగటివ్. నేను ఏ దారీ తప్పలేదు. ఆయన కూడా జబ్బు ఉన్నదని తెలిసి నన్ను చేసుకోలేదు. ఆ భయం గురించి మీరు మంచిదని రాశారు, ఆ భయం వల్లనే ఆయన రెండేళ్లు పరీక్ష చేయించుకోకుండా తిరిగారు. తెలియని ఆ రెండేళ్లలో నాకు సోకకపోవడం నా అదృష్టం అనుకోవాలి.

ఏఆర్‌టీ మొదలుపెట్టిన కొత్తలో, ఆయన రక్తంలో వైరస్ తగ్గేదాకా నేను ప్రెప్ మాత్ర వాడాను, డాక్టరమ్మ రాసిచ్చారు. ఇప్పుడు ఆయన వైరల్ లోడ్, అంటే రక్తంలోని వైరస్ లెక్క, పరీక్షలో పట్టుబడని స్థాయిలో నాలుగేళ్లుగా నిలకడగా ఉంది. మేము పిల్లలను కనాలనుకుంటున్నాము. ఈ దశలో నేను మళ్లీ ఆ మాత్ర మొదలుపెట్టాలా అన్నది డాక్టర్ గారిని అడగాలని వచ్చాను.

రాత్రి డ్యూటీ — మూడో రోజు, మధ్యాహ్నం 3:30

అమ్మా, మీ ప్రశ్నకు సంతోషంగా జవాబు రాస్తున్నాను. ఒకరికి హెచ్‌ఐవీ ఉండి ఇంకొకరికి లేని వెయ్యికి పైగా జంటలను ఐరోపాలో ఏళ్ల తరబడి గమనించిన పార్ట్‌నర్ అధ్యయనాల ఫలితాలు 2016, 2019లలో వచ్చాయి. మందు వాడుతూ వైరల్ లోడ్ 200 కంటే తక్కువ ఉన్న భాగస్వామి నుంచి నిరోధ్ లేని సంపర్కం వల్ల సోకిన కేసు ఒక్కటి కూడా వాటిలో లేదు. మీ వారు మాత్రలు తప్పకుండా వేసుకుంటూ, తాజా వైరల్ లోడ్ కూడా అలాగే ఉంటే, మీరు పిల్లలను కనడానికి ప్రెప్ తప్పనిసరి కాదు. మనసులో బెరుకు ఉండి వాడదలిస్తే వాడవచ్చు, గర్భం వచ్చినా ఆ మందు ఆపనవసరం లేదు. ప్రయత్నం మొదలుపెట్టే ముందు ఇద్దరూ కలిసి ఏఆర్‌టీ సెంటర్‌లో ఒకసారి వైరల్ లోడ్ చేయించండి.

మీరు మొదట్లో ప్రెప్ వాడిన సందర్భమే దానికి చక్కని ఉదాహరణ. కెన్యా, ఉగాండాలలో ఇటువంటి జంటల మీద చేసిన అధ్యయనం 2012లో వెలువడింది. టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటాబిన్ కలిసిన మాత్ర రోజూ వాడినవారిలో హెచ్‌ఐవీ సోకడం 75 శాతం తగ్గింది. అదే ఏడాది జులైలో అమెరికా ఔషధ సంస్థ ఆ మాత్రను ప్రెప్‌గా అనుమతించింది, 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. అధ్యయనాల్లో అంకెలు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కనిపించడానికి ముఖ్య కారణం మందు కాదు, మాత్ర నిజంగా మింగారా లేదా అన్నదే. 2010లో వచ్చిన ఐప్రెక్స్ అధ్యయనంలో మొత్తం మీద 44 శాతమే రక్షణ కనిపించింది, రక్తంలో మందు కనిపించినవారిని విడిగా చూస్తే మాత్రం రక్షణ అంతకంటే ఎంతో ఎక్కువ. చెప్పినట్టు వాడితే లైంగికంగా సోకే ప్రమాదం సుమారు 99 శాతం తగ్గుతుందని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రమైన సీడీసీ చెబుతున్నది.

మందుల దుకాణం, కాజీపేట — మూడో రోజు, సాయంత్రం 5:15

ఈ మాత్రల పేరు చెప్పి స్ట్రిప్ అడిగేవారు మా దుకాణానికి అప్పుడప్పుడు వస్తుంటారు. చీటీ లేకుండా నేను ఇవ్వను. కొందరు, ప్రమాదం జరిగిన తర్వాత కూడా ప్రెప్ మాత్రలే వేసుకుంటే సరిపోతుందని అనుకుంటున్నారు. దయచేసి డాక్టర్ గారు ఈ తేడా వివరంగా రాస్తే నేను దానిని చూపించగలను.

రాత్రి డ్యూటీ — మూడో రోజు, రాత్రి 8:50

ప్రెప్‌లో ఉండేవి రెండు మందులు, పీఈపీలో మూడు. ప్రెప్ వైరస్ రాకముందే కణాల్లో సిద్ధంగా ఉంటుంది, కాబట్టి రెండు చాలు. పీఈపీ వైరస్ అప్పటికే లోపలికి వచ్చి ఉండవచ్చన్న అనుమానంతో మొదలవుతుంది, అందువల్ల అతుకును ఆపే మూడో మందు కూడా కావాలి. ఒకదాని బదులు ఇంకొకటి వాడకూడదు.

చీటీ లేకుండా ఇవ్వకపోవడం మంచి పని. ప్రెప్ మొదలుపెట్టే ముందు హెచ్‌ఐవీ నెగటివ్ అని తేలాలి, వాడుతున్నంతకాలం మూడు నెలలకొకసారి పరీక్ష జరగాలి. తెలియకుండా పాజిటివ్‌గా ఉన్న మనిషి రెండు మందులే వాడుతూ పోతే, వైరస్ వాటికి లొంగకుండా తయారవుతుంది. టెనోఫోవిర్ మూత్రపిండాల మీద ప్రభావం చూపవచ్చు, అందుకని వాటి పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చూడాలి. హెపటైటిస్ బి ఉన్నవారు ఈ మందును హఠాత్తుగా ఆపితే కాలేయం వాపు ఎగదన్నవచ్చు, అందుకని ఆ పరీక్ష కూడా కావాలి. మొదటి మాత్రతోనే రక్షణ వచ్చేయదు, రోజూ వేసుకుంటూ కనీసం 7 రోజులు గడవాలి, స్త్రీలకు సుమారు 21 రోజులు పడుతుందని సీడీసీ చెబుతుంది. సిఫిలిస్, గనేరియా వంటివాటిని, గర్భాన్ని ఇది ఆపదు, నిరోధ్ అవసరం అలాగే ఉంటుంది.

రోజూ మాత్ర వేసుకోలేనివారికి సూదిమందులు వచ్చాయి. రెండు నెలలకొకసారి ఇచ్చే కాబోటెగ్రావిర్‌ను అమెరికాలో 2021 డిసెంబరులో, ఆరు నెలలకొకసారి ఇచ్చే లెనాకపావిర్‌ను 2025 జూన్‌లో అనుమతించారు. దక్షిణాఫ్రికా, ఉగాండాలలో లెనాకపావిర్ తీసుకున్న 2,134 మంది యువతుల్లో ఒక్కరికి కూడా హెచ్‌ఐవీ సోకలేదు. 2024 ఫలితాల్లో ఆ సున్నాను చూసిన రోజు నేను మా వార్డులో అందరికీ చెప్పుకున్నాను. తక్కువ ధరకు దాన్ని తయారుచేసే అనుమతి పొందిన ఆరు కంపెనీలలో హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్, హెటెరో ఉన్నాయి. మన దగ్గర తయారయ్యే మందు మన పల్లెలకు కూడా చేరాలని నా కోరిక.

జగిత్యాల ప్రయాణికుడు — మూడో రోజు, రాత్రి 10:05

కౌన్సెలర్ అమ్మా, వెళ్లాను. కరీంనగర్‌లో ఉదయం పదకొండున్నరకు మాత్ర వేశారు, అప్పటికి సుమారు 60 గంటలు. లోపల ఉన్న మేడం నన్ను తలెత్తి చూసి, టీ తాగావా అని అడిగింది, ఇంకేమీ అడగలేదు. 28 రోజులు ఇంట్లో ఈ మాత్రను ఎక్కడ దాచాలన్నదే ఇప్పటి సమస్య.

పాత కౌన్సెలర్ — మూడో రోజు, రాత్రి 10:20

నాయనా, కడుపు నిండినంత సంతోషం. గ్యాస్ మాత్రల ఖాళీ డబ్బాలో పెట్టుకోండి, రోజూ ఒకే వేళకు వేసుకోండి. ఆలస్యంగా మొదలైంది కాబట్టి ఒక్క పూట కూడా తప్పకూడదు. పరీక్షలు పూర్తయ్యేదాకా మీ భార్యతో నిరోధ్ వాడక తప్పదు, రక్తదానం చేయకూడదు. ఆమెకు ఎప్పుడు, ఎలా చెప్పాలన్నది కౌన్సెలర్‌తో కూర్చుని ఆలోచించుకోండి, ఒంటరిగా మోయవద్దు.

నయీంనగర్ తమ్ముడు — పన్నెండో రోజు, రాత్రి 9:30

పేషెంటు సమ్మతితో చేసిన పరీక్షలో పాజిటివ్ అని తేలింది, ఇప్పుడే బయటపడిందట, వారిని ఏఆర్‌టీకి పంపారు. ఇంతకంటే వివరం రాయను. ఆ రాత్రి ఆగి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవడానికి కూడా నాకు ధైర్యం చాలడం లేదు. అక్కకు కొంచెం వికారం, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం ఉన్నాయి. ఆమె రక్తహీనతకు ఐరన్ మాత్ర కూడా వేసుకుంటుంది, రెండూ కలిపి వేసుకోవచ్చా? బావగారికి చెప్పింది, ఆయన ఒక రోజంతా మాట్లాడలేదు, మరుసటి రోజు నుంచి తొమ్మిది గంటలకు నీళ్లగ్లాసు, మాత్ర ఆయనే తెచ్చి ఇస్తున్నారు.

రాత్రి డ్యూటీ — పన్నెండో రోజు, రాత్రి 10:10

ఐరన్, కాల్షియం మాత్రలు డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. ఐరన్ వేసుకోవడానికి 2 గంటల ముందో, వేసుకున్న 6 గంటల తర్వాతో ఈ మాత్ర వేసుకోవాలి, లేదా రెండింటినీ భోజనంతో కలిపి వేసుకోవచ్చు. గ్యాస్‌కు తాగే తెల్ల సిరప్‌ల విషయంలో మాత్రం భోజనంతో కూడా కలపకూడదు, ఆ గంటల ఎడం పాటించాల్సిందే. షుగరుకు మెట్‌ఫార్మిన్, టీబీకి రిఫాంపిసిన్ వాడుతున్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే ముందే డాక్టర్‌కు చెప్పాలి, మోతాదులు మార్చవలసి ఉంటుంది. నిద్ర పట్టనప్పుడు మాత్రను ఉదయానికి మార్చుకోవచ్చు, ఏఆర్‌టీ సెంటర్‌లో అడిగి మార్చమనండి. వికారం మెల్లగా తగ్గుతుంది.

కాశిబుగ్గ జవాన్ — ముప్పయ్యో రోజు, సాయంత్రం 7:00

వకీలు గారు రాసిచ్చిన అర్జీ కార్పొరేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకున్నాము. జవాబు ఇంకా రాలేదు. ఈలోపు మా వాళ్లలో పద్నాలుగు మందికి హెపటైటిస్ బి మొదటి డోసు వేయించాను. హాజరు పుస్తకం చివరి పేజీలో "సూది గుచ్చితే అదే గంటలో జవాన్‌కు ఫోన్" అని పెద్ద అక్షరాలతో రాసి, చదవడం రానివారికి రోజూ పొద్దున చదివి వినిపిస్తున్నాను. ఆ పెద్దమ్మే అందరికంటే ముందు టీకాకు నిలబడింది.

నయీంనగర్ తమ్ముడు — తొంభై నాలుగో రోజు, రాత్రి 8:20

అక్క 28 మాత్రలూ ఒక్కటి తప్పకుండా వేసుకుంది. ఆరు వారాల పరీక్ష వినాయక నిమజ్జనం మరునాడు జరిగింది, నెగటివ్. మూడు నెలల పరీక్ష రిపోర్టు ఈ మధ్యాహ్నం వచ్చింది, అదీ నెగటివ్. అక్క పనిచేసే చోట ఇప్పుడు ప్రతి మంచం దగ్గర తెల్ల డబ్బా పెట్టారు, వాడిన సూదికి ఎవరూ మూత పెట్టకూడదని చెప్పారు. హెపటైటిస్ బి మూడో డోసు కూడా పడింది. ఈసారి బతుకమ్మను అక్క తన చేతులతోనే పేర్చింది. ఆరో నెల పరీక్ష సంక్రాంతి తర్వాత ఉంది, రిపోర్టు రాగానే ఇక్కడే రాస్తాను. జగిత్యాల అన్న ఎలా ఉన్నారో తెలియలేదు, చూస్తే ఒక మాట చెప్పగలరు.

జగిత్యాల ప్రయాణికుడు — తొంభై ఆరో రోజు, తెల్లవారుజాము 4:50

తమ్ముడూ, చూశాను. రెండు పరీక్షలూ నెగటివ్. నా భార్యకు చెప్పాను. ఆమె ఇంకా నాతో సరిగా మాట్లాడడం లేదు, రెండో పరీక్షకు మాత్రం వెంట వచ్చింది.